పోర్ట్ వైన్ టానిక్ కాదు బాస్!

నిరుడు మా అక్క డెలివరీ అయిన పదో రోజు, అమ్మ నన్ను వంటింట్లోకి పిలిచి, గొంతు తగ్గించి ఓ పని చెప్పింది. "వైన్స్‌కు పోయి ఒక పోర్ట్ వైన్ సీసా తీస్కరా. రోజూ చిన్న గ్లాసు తాగితే బాలింతకు రక్తం పడుతదట."

కిషన్‌బాగ్‌లో మా ఇంట్లోకి మందు సీసా రావడం అదే మొదటిసారి. అదీ అమ్మ ఆర్డర్ మీద!

అత్తాపూర్ వైపు ఒక వైన్స్‌లో అడిగితే కౌంటర్ మీద ఉన్నతను ఆలోచించకుండా ఓ సీసా తీసి పెట్టాడు. "లేడీస్‌కు ఇదే తీస్కపోతరన్నా, మంచిగుంటది." లేబుల్ మీద పోర్ట్ అనే ఉంది. కానీ నాకు డౌట్ కొట్టింది. ఎందుకంటే అంతకు మూడేళ్ల ముందు ఆన్‌సైట్ పని మీద పోర్చుగల్‌లోని పోర్టో సిటీకి వెళ్లినప్పుడు అసలు పోర్ట్ తాగాను. ఆ ఊరి పేరు మీదే ఈ వైన్‌కు ఆ పేరు. అక్కడ చేతికి ఇచ్చిన గ్లాసు మన ఇరానీ చాయ్ కప్పు కన్నా చిన్నది. ఎందుకింత చిన్నదని అడిగితే నవ్వారు. ఆ నవ్వు అర్థం కావాలంటే అది ఎలా తయారవుతుందో తెలియాలి.

మామూలు వైన్‌లో ద్రాక్ష రసంలోని చక్కెరను ఈస్ట్ తింటూ ఆల్కహాల్‌గా మారుస్తుంది. పోర్ట్‌లో ఆ పని సగంలో ఉండగానే 77 శాతం ఆల్కహాల్ ఉన్న ద్రాక్ష స్పిరిట్ కలిపేస్తారు. ఈస్ట్ చచ్చిపోతుంది. నడుస్తున్న ప్రాసెస్‌ను మధ్యలో కిల్ చేసినట్టన్నమాట. తినకుండా మిగిలిన చక్కెర అలాగే ఉండిపోతుంది, ఆల్కహాల్ మాత్రం 20 శాతం దాకా చేరుతుంది. ఇంగ్లండ్‌కు ఓడల్లో పంపేటప్పుడు వైన్ పాడవకుండా బ్రాందీ కలపడంతో మొదలైన అలవాటు ఇది. 1703లో పోర్చుగల్‌తో కుదిరిన ఒప్పందం వల్ల ఇంగ్లండ్‌లో ఈ వైన్లకు పన్ను తగ్గింది, వ్యాపారం పెరిగింది. పేరు వాడుకుని కల్తీలు కూడా పెరిగాయి. అందుకే 1756లో డోరో లోయలో ఫలానా తోటల ద్రాక్షకే ఆ పేరు అని హద్దులు గీశారు. ఈరోజుకీ యూరప్‌లో వేరే చోట చేసినదాన్ని పోర్ట్ అని అమ్మడానికి లేదు.

మన దగ్గర తక్కువ ధరకు దొరికే 'పోర్ట్' వేరే సరుకు. గోవాలో తయారయ్యే చాలా సీసాల్లోకి ద్రాక్ష కర్ణాటక, మహారాష్ట్ర నుంచే వస్తుంది. ఎక్కువగా వాడేది బెంగళూరు బ్లూ, అంటే జ్యూస్‌కి వాడే ఆ నల్ల ద్రాక్ష. తియ్యగా ఉంటుంది, కొందరికి నచ్చుతుంది, నచ్చితే తప్పేం లేదు. అయితే అది డోరో పోర్ట్ అనుకుని కొనకండి. మా హైదరాబాద్ కూడా ఒకప్పుడు ద్రాక్షకు పెట్టింది పేరే. అనాబ్-ఎ-షాహి తోటలు ఊరి చుట్టూ ఉండేవని పెద్దవాళ్లు ఇప్పటికీ చెప్తారు. మా ఇంటికి దగ్గర్లోని రాజేంద్రనగర్‌లో ద్రాక్ష పరిశోధన కేంద్రం కూడా ఉంది. కాకపోతే అనాబ్-ఎ-షాహి తినే ద్రాక్ష, పోర్ట్‌కు పనికొచ్చేది కాదు.

సరే, అసలు పోర్ట్ కొనాలంటే? రూబీ, టానీ అనే రెండు మాటలు గుర్తుంటే సగం పని అయిపోయినట్టే. రూబీ ఎర్రగా, నేరేడుపండు రుచితో ఉంటుంది, ధర తక్కువ. టానీ చెక్క పీపాల్లో ఏళ్ల తరబడి ఉండి రంగు వెలిసి తేనె రంగుకు వస్తుంది, డ్రైఫ్రూట్స్ వాసన. దాని మీద 10, 20, 30, 40 ఏళ్లని రాసి ఉంటుంది. నా ఓటు 10 ఏళ్ల టానీకి. 20కి వెళ్తే జేబుకు చిల్లు. వింటేజ్ అని ఉన్న సీసా చూసి టెంప్ట్ అవ్వకండి. అది ఏళ్ల తరబడి దాచాల్సినది, అడుగున మడ్డి ఉంటుంది, వడగట్టాలి, తెరిస్తే రెండు మూడు రోజుల్లో ఖాళీ చెయ్యాలి. రూబీ అయితే ఫ్రిజ్‌లో రెండు వారాలు, టానీ నెల దాకా ఆగుతుంది. ఒక్కడే తాగేవాడికి టానీ బెస్ట్ అనేది ఇందుకే.

ఇంకో చిట్కా. కార్క్‌కు పైన ప్లాస్టిక్ టోపీ ఉండి చేత్తో లాగితే వచ్చేస్తే, దాచకుండా తాగడానికే ఆ సీసా. గది టెంపరేచర్‌లో తాగాలనే సలహా మన ఎండాకాలానికి పనికిరాదు. అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి. రూబీతో డార్క్ చాక్లెట్, టానీతో ఖుబానీ కా మీఠా. రెండోదానికి పోర్టోలో కూడా ఛాన్స్ లేదు!

ఇప్పుడు లెక్క. 20 శాతం పోర్ట్ 150 మి.లీ. తాగితే 30 మి.లీ. ఆల్కహాల్ లోపలికి పోయినట్టు. 5 శాతం బీరు పెద్ద సీసాలో ఉండేదీ దాదాపు అంతే. తీపి వల్ల నాలుకకు తెలీదు, అంతే. వాళ్లు నవ్వింది ఇందుకు. మన రాష్ట్రంలో 21 నిండాకే కొనాలి, అది ఎలాగూ తెలిసిందే.

అక్క సంగతి చెప్పలేదు కదా. ఆ సీసా తెచ్చాను, ఇవ్వలేదు. ముందు డాక్టరమ్మకు ఫోన్ చేశాం. ఎర్రగా ఉన్నంత మాత్రాన రక్తం పట్టదని, తల్లి రక్తంలో ఆల్కహాల్ ఎంతుంటే పాలల్లోనూ ఇంచుమించు అంతే ఉంటుందని చెప్పింది. అక్కకు హిమోగ్లోబిన్ 9 ఉంది. ఐరన్ గోలీలు మానొద్దని గట్టిగా చెప్పింది. తీరా చూస్తే, వైన్ వస్తుంది కదా అని గోలీలు నాలుగు రోజుల నుంచి పక్కన పెట్టారు! అమ్మ మొహం చిన్నబోయింది. "మా అమ్మ నాకు బ్రాందీ ఇచ్చింది కదరా," అంది. ఏమనాలో తోచలేదు. అక్కే, "అమ్మా, గోలీ ఇటియ్యి, నీళ్లు తే," అంది.

మొన్న పాప మొదటి పుట్టినరోజుకు అమ్మ ఖుబానీ కా మీఠా చేసింది. నేను ఈమధ్య ఓ ప్రయాణం నుంచి వస్తూ శంషాబాద్ డ్యూటీ ఫ్రీలో కొన్న టానీని నాన్నకు, బావకు చెరో రెండు గుక్కలు పోశాను. అక్క స్వీటు మాత్రమే తిన్నది. అమ్మ గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, "ఎండు ఖర్జూరం వాసనొస్తుంది, గట్లనే అప్పుడు నువ్వు తెచ్చింది దగ్గు మందు వాసన రా," అని గ్లాసు నా చేతికిచ్చేసింది.