సయ్యద్ నయీముద్దీన్

సయ్యద్ నయీముద్దీన్ భారత ఫుట్‌బాల్ జట్టు మాజీ నాయకుడు, శిక్షకుడు. ఇతడు 1944లో హైదరాబాదులో జన్మించాడు. రక్షణ పంక్తిలో ఆడే క్రీడాకారునిగా 1960వ దశకంలోను, 1970వ దశకపు తొలి సంవత్సరాలలోను పేరు పొందాడు. 1970లో బ్యాంకాక్‌లో జరిగిన ఆసియా క్రీడలలో కాంస్య పతకం సాధించిన భారత జట్టుకు నాయకత్వం వహించాడు. ఆట నుంచి విరమించిన పిదప శిక్షకునిగా మారి కలకత్తాలోని పెద్ద క్లబ్బులకు, భారత జాతీయ జట్టుకు, బంగ్లాదేశ్ జాతీయ జట్టుకు శిక్షణ ఇచ్చాడు. 1970లో అర్జున పురస్కారాన్ని, 1990లో ద్రోణాచార్య పురస్కారాన్ని అందుకున్నాడు.

నేపథ్యం

నయీముద్దీన్ బాల్యకాలంలో హైదరాబాదు భారత ఫుట్‌బాల్‌కు ముఖ్య కేంద్రాలలో ఒకటి. హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదు సార్లు బొంబాయి రోవర్స్ కప్‌ను గెలుచుకుంది. ఆ జట్టుకు శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం. వృత్తిరీత్యా ఉపాధ్యాయుడైన రహీం భారత జట్టుకు కూడా శిక్షణ ఇచ్చాడు. అతని శిక్షణలో భారతదేశం 1951, 1962 ఆసియా క్రీడలలో స్వర్ణ పతకాలు సాధించింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్ క్రీడలలో నాలుగవ స్థానం పొందింది. ఆసియా ఖండం నుంచి ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీ ఫైనల్ చేరిన తొలి జట్టు అదే.

రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని హైదరాబాదు జట్టు 1956-57, 1957-58 సంవత్సరాలలో గెలిచింది. ఆంధ్రప్రదేశ్ జట్టు 1965-66లో అదే ట్రోఫీని గెలిచింది. రహీం 1963 జూన్‌లో మరణించాడు. అప్పటికి నయీముద్దీన్ వయసు ఇరవై ఏళ్ళ లోపే. రహీం నెలకొల్పిన సంప్రదాయంలో ఎదిగిన చివరి తరం ఆటగాళ్ళలో ఇతడు ఒకడు. క్రమశిక్షణ, దేహదారుఢ్యం, బంతిని నేలపై చిన్న చిన్న పాసులతో అందించుకోవడం ఆ సంప్రదాయపు ముఖ్య లక్షణాలు.

క్రీడా జీవితం

నయీముద్దీన్ హైదరాబాదు సిటీ పోలీసు జట్టుతో ఆట మొదలుపెట్టి 1960వ దశకం ద్వితీయార్ధంలో కలకత్తాకు వెళ్ళాడు. ఆ రోజులలో దేశమంతటికీ ఒకే లీగ్ లేదు. జాతీయ ఫుట్‌బాల్ లీగ్ 1996లో మాత్రమే ఆరంభమైంది. అంతకు ముందు మంచి ఆటగాడు పేరు తెచ్చుకోవాలంటే కలకత్తా లీగ్, ఐ.ఎఫ్.ఏ. షీల్డ్, డ్యూరాండ్ కప్, రోవర్స్ కప్ వంటి పోటీలే ఆధారం. వేలాది ప్రేక్షకుల ఆదరణ కలిగిన ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మదన్ స్పోర్టింగ్ క్లబ్బులు ఇతర రాష్ట్రాల ఆటగాళ్ళను ఆకర్షించేవి. హైదరాబాదు నుంచి వెళ్ళిన వారిలో తులసీదాస్ బలరాం, పీటర్ తంగరాజ్, మహమ్మద్ హబీబ్ ముఖ్యులు. నయీముద్దీన్ ఈ మూడు క్లబ్బులకూ ఆడాడు.

నయీముద్దీన్ ఆడిన స్థానాన్ని స్టాపర్ అంటారు. గోల్‌కీపరుకు ముందు, రక్షణ పంక్తి మధ్యలో నిలిచి ప్రత్యర్థి ముఖ్య దాడి ఆటగాణ్ణి అడ్డుకోవడం స్టాపర్ బాధ్యత. గోళ్ళు చేసేవారికి వచ్చే కీర్తి ఈ స్థానంలో ఆడేవారికి సాధారణంగా రాదు. అయితే మైదానమంతా ఎదురుగా కనబడేది వీరికే కాబట్టి సహచరులను ఎప్పటికప్పుడు సర్దే పని కూడా వీరిదే అవుతుంది. పలు జట్లలో స్టాపర్‌ను నాయకునిగా ఎంచుకోవడానికి ఇదొక కారణం.

1970 ఆసియా క్రీడలు

1970 డిసెంబరులో బ్యాంకాక్‌లో జరిగిన ఆరవ ఆసియా క్రీడలకు నయీముద్దీన్ భారత జట్టు నాయకునిగా వెళ్ళాడు. రహీం శిక్షణలో 1962 స్వర్ణ పతకం గెలిచిన జట్టులో సభ్యుడైన ప్రదీప్ కుమార్ బెనర్జీ ఈ జట్టుకు శిక్షణ ఇచ్చాడు. హబీబ్, సుభాష్ భౌమిక్, మగన్ సింగ్ రాజ్వీ జట్టులోని ఇతర ముఖ్య ఆటగాళ్ళు.

తొలి దశలో భారత్ థాయిలాండుతో 2-2 గోళ్ళతో సమంగా నిలిచి, దక్షిణ వియత్నాంను 2-0తో ఓడించింది. రెండవ దశలో జపాన్ చేతిలో 0-1తో ఓడిపోయినా, ఇండోనేషియాపై 3-0తో గెలిచి సెమీ ఫైనల్ చేరింది. అక్కడ బర్మా చేతిలో 0-2తో పరాజయం పొందింది. మూడవ స్థానం కొరకు జరిగిన పోటీలో మళ్ళీ జపానే ఎదురైంది. రెండేళ్ళ క్రితమే, 1968 మెక్సికో ఒలింపిక్ క్రీడలలో, జపాన్ కాంస్య పతకం గెలిచింది. ఆ జట్టుపై భారత్ 1-0తో గెలిచింది. ఫైనల్‌లో దక్షిణ కొరియా, బర్మా గోళ్ళు లేకుండా సమంగా నిలిచి స్వర్ణ పతకాన్ని పంచుకున్నాయి.

ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్ గెలిచిన చివరి పతకం ఇదే. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన క్రీడల వరకూ మరో పతకం రాలేదు. నయీముద్దీన్‌కు అర్జున పురస్కారం లభించినది కూడా 1970 సంవత్సరానికే.

శిక్షకునిగా

ఆట నుంచి విరమించిన తరువాత నయీముద్దీన్ శిక్షణ రంగంలో ప్రవేశించాడు. తాను ఆటగాడిగా ఉన్న మూడు కలకత్తా క్లబ్బులకూ వేర్వేరు సమయాలలో శిక్షకుడయ్యాడు. బొంబాయికి చెందిన మహీంద్రా యునైటెడ్‌కు, ఢాకాలోని బ్రదర్స్ యూనియన్‌కు కూడా శిక్షణ ఇచ్చాడు. ఆటగాళ్ళ దేహదారుఢ్యం, సమయపాలన విషయంలో కఠినుడని పేరు పడ్డాడు.

క్లబ్బు శిక్షకునిగా ఇతని ఉత్తమ ఫలితం 1990లో వచ్చింది. ఆ ఏడాది ఇతని శిక్షణలో ఈస్ట్ బెంగాల్ ఐ.ఎఫ్.ఏ. షీల్డ్, డ్యూరాండ్ కప్, రోవర్స్ కప్ మూడింటినీ గెలిచింది. కలకత్తా, ఢిల్లీ, బొంబాయి నగరాలలో జరిగే ఈ మూడు పోటీలను ఒకే ఏడాది గెలవడాన్ని భారత ఫుట్‌బాల్‌లో అరుదైన ఘనతగా పరిగణించేవారు. ఇతనికి ద్రోణాచార్య పురస్కారం లభించినది కూడా 1990 సంవత్సరానికే.

జాతీయ జట్టు శిక్షకునిగా

నయీముద్దీన్ ఒకటి కంటె ఎక్కువసార్లు భారత జట్టుకు శిక్షకునిగా పనిచేశాడు. 1997లో కఠ్మాండులో జరిగిన దక్షిణాసియా పోటీ, సాఫ్ గోల్డ్ కప్‌లో, భారత్ ఫైనల్‌లో మాల్దీవులను 5-1 గోళ్ళతో ఓడించి విజేతగా నిలిచింది. ఐ.ఎం.విజయన్, బైచుంగ్ భూటియా వంటి వారు ఆ కాలపు జట్టులో ఆడారు.

2005లో ఇతడు మళ్ళీ జాతీయ జట్టు బాధ్యత స్వీకరించాడు. ఆ ఏడాది డిసెంబరులో కరాచీలో జరిగిన సాఫ్ పోటీలో భారత్ ఫైనల్‌లో బంగ్లాదేశ్‌ను 2-0తో ఓడించింది. ఈ విజయం తరువాత రెండు నెలలకే ఆసియా కప్ అర్హత పోటీలు మొదలయ్యాయి. 2006 ఫిబ్రవరి 22న యొకొహామాలో జపాన్ చేతిలో భారత్ 0-6 గోళ్ళతో ఓడింది. వారం తరువాత, మార్చి 1న, ఢిల్లీలో యెమెన్ చేతిలో 0-3తో ఓడింది. ఈ పరాజయాల అనంతరం నయీముద్దీన్ శిక్షక పదవి ముగిసింది. అదే సంవత్సరం బాబ్ హౌటన్ అతని స్థానంలోకి వచ్చాడు. శిక్షకుడు మారినా ఫలితం మారలేదు. ఆ అర్హత పోటీలలోని ఆరు ఆటలలోనూ భారత్ ఓడిపోయింది.

2007లో నయీముద్దీన్ బంగ్లాదేశ్ జాతీయ జట్టుకు శిక్షకుడయ్యాడు.

రెండు ఫలితాల మధ్య అంతరం

బ్యాంకాక్‌లో జపాన్‌పై 1-0తో గెలిచిన జట్టుకు నాయకుడు, ముప్పై అయిదేళ్ళ తరువాత యొకొహామాలో అదే జపాన్ చేతిలో 0-6తో ఓడిన జట్టుకు శిక్షకుడు, ఇద్దరూ నయీముద్దీనే. ఈ తేడాకు కారణాన్ని ఒక శిక్షకుని సామర్థ్యంలో వెదకడం సరికాదు. ఆ మధ్యకాలంలో రెండు దేశాలలో ఆటను నిర్వహించిన తీరును పరిశీలించవలసి ఉంటుంది.

జపాన్ 1960వ దశకపు ఆరంభంలోనే జర్మనీకి చెందిన డెట్మార్ క్రామర్‌ను రప్పించి శిక్షణా పద్ధతులను నేర్చుకుంది. 1965లో దేశవ్యాప్త లీగ్‌ను ప్రారంభించింది. 1993లో దాని స్థానంలో వృత్తి ఆటగాళ్ళతో జె.లీగ్ ఏర్పడింది. 1998లో జపాన్ మొదటిసారి ప్రపంచ కప్‌లో ఆడింది. 2002లో దక్షిణ కొరియాతో కలిసి ప్రపంచ కప్‌కు ఆతిథ్యమిచ్చింది. యొకొహామాలో భారత్‌తో తలపడినపుడు ఆ జట్టుకు శిక్షకుడు బ్రెజిల్ మాజీ ఆటగాడు జీకో.

భారతదేశంలో దేశవ్యాప్త లీగ్ జపాన్ కంటె ముప్పై ఒక్క ఏళ్ళు ఆలస్యంగా మొదలైంది. అంతవరకు ఆట నాకౌట్ పోటీల చుట్టూ, కొద్ది నగరాల చుట్టూ తిరిగింది. మంచి ఆటగాళ్ళు కలకత్తాకు తరలిపోవడంతో హైదరాబాదు వంటి పాత కేంద్రాలలో స్థానిక జట్లు బలహీనపడ్డాయి. 1965-66 తరువాత ఆంధ్రప్రదేశ్ మళ్ళీ సంతోష్ ట్రోఫీని గెలవలేదు. నయీముద్దీన్ కాలంలో దక్షిణాసియా పోటీలలో గెలుపు, ఆసియా స్థాయి పోటీలలో ఓటమి ఏకకాలంలో సాధ్యపడడానికి ఈ పరిస్థితే కారణం. పొరుగు దేశాలతో పోల్చినపుడు భారత్ ముందే ఉంది, కానీ తూర్పు ఆసియా దేశాలు చాలా దూరం సాగిపోయాయి.

హైదరాబాదు శిక్షకుల వరుసలో

ఆటగాళ్ళతో పాటు శిక్షకులను కూడా దేశానికి అందించిన నగరం హైదరాబాదు. రహీం తరువాత ఆ వరుసలో నయీముద్దీన్ పేరే ముందుగా వస్తుంది. ఇతని సమకాలికుడైన హబీబ్ టాటా ఫుట్‌బాల్ అకాడమీలో యువ ఆటగాళ్ళకు శిక్షణ ఇచ్చాడు. తరువాతి తరానికి చెందిన షబ్బీర్ అలీ శిక్షణలో గోవాకు చెందిన సాల్గావ్‌కర్ 1998-99 జాతీయ లీగ్‌ను గెలిచింది.

పురస్కారాలు

అర్జున పురస్కారం: 1970
ద్రోణాచార్య పురస్కారం: 1990

ఫుట్‌బాల్ క్రీడలో ద్రోణాచార్య పురస్కారం పొందిన మొదటి శిక్షకుడు నయీముద్దీన్. అందుచేత క్రీడాకారునికి ఇచ్చే అర్జున, గురువుకు ఇచ్చే ద్రోణాచార్య పురస్కారాలు రెండింటినీ అందుకున్న తొలి భారత ఫుట్‌బాల్ ఆటగాడు కూడా ఇతడే.