మీకు తెలుసా? ఫోనే పర్సు, ఫోనే తాళంచెవి!

కొత్తిమీర కట్ట కొనాలన్నా ఫోనే, మెట్రో గేటు దాటాలన్నా ఫోనే! ఈ చిన్న పలక వెనక ఎన్ని వింతలో! ఏరి ఏరి పోగేసినవాటిలో కొన్ని ఇవిగో, మీకోసం.

★ గంగిరెద్దుకూ క్యూఆర్ కోడ్! సన్నాయి మోగుతుంటే, ఎద్దు నుదుటి మీదున్న కోడ్‌ను ఒకాయన ఫోన్‌తో స్కాన్ చేసి కానుక ఇచ్చిన వీడియోను 2021 నవంబరులో కేంద్ర ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ స్వయంగా అందరితో పంచుకున్నారు.

★ క్యూఆర్ కోడ్ పుట్టింది డబ్బు కోసం కాదు, కార్ల విడిభాగాల లెక్క కోసం! 1994లో జపాన్‌లో మసహిరో హారా బృందం దీన్ని తయారుచేసింది. నలుపు తెలుపుల ఆలోచన ఆయనకు భోజన విరామంలో ‘గో’ ఆట ఆడుతుండగా తట్టింది.

★ ఒక్క క్యూఆర్ కోడ్‌లో ఎన్ని అంకెలు పడతాయో చెప్పగలరా? 7,089! అంటే పదంకెల ఫోన్ నంబర్లు 708 రాసినా ఇంకా చోటు మిగులుతుంది.

★ కోడ్ మూలల్లో ఉండే మూడు చదరాలను ఎప్పుడైనా దగ్గరగా చూశారా? వాటి నడిమధ్య నుంచి అడ్డంగా గీత గీస్తే నలుపు తెలుపులు 1:1:3:1:1 పాళ్లలో వస్తాయి. పత్రికలు, కరపత్రాలు, అట్టపెట్టెలు అన్నీ వెతికి, అచ్చులో అతి అరుదుగా కనిపించే పాళ్లు ఇవేనని తేల్చుకున్నాకే వాటిని అక్కడ పెట్టారు!

★ స్టిక్కర్ మీద నూనె మరక పడినా స్కాన్ అవుతుంది! కోడ్‌లో 30 శాతం దాకా చెడిపోయినా, మిగిలిన గళ్లను బట్టి లెక్కకట్టి పూరించుకునే ఏర్పాటు అందులోనే ఉంటుంది.

★ 2016 ఆగస్టులో మన దేశమంతటా జరిగిన యూపీఐ చెల్లింపులు సుమారు 93 వేలు. 2025 ఆగస్టులో అవి 2,000 కోట్లు దాటాయి! అంటే అప్పటి ఆ నెల లెక్కంతా ఇప్పుడు సుమారు 12 సెకన్ల పని.

★ ఫోన్‌తో కొన్న తొలి వస్తువుల్లో ఒకటి ఏమిటో ఊహించండి. కూల్ డ్రింకు! 1997లో ఫిన్లాండ్‌లోని హెల్సింకీలో, ఎస్సెమ్మెస్ పంపితే కోకాకోలా ఇచ్చే యంత్రాలు పెట్టారు.

★ కెన్యాలో 2007లో మొదలైన ఫోన్ డబ్బు పేరు ‘ఎం-పెసా’. స్వాహిలీలో ‘పెసా’ అంటే డబ్బు. మన పైసాకు దగ్గరి చుట్టం కదూ! పక్కనున్న టాంజానియాలో జర్మన్ల కాలంలో రూపాయికి 64 పెసాలు. మన పాత లెక్కలోనూ రూపాయికి 64 కాణీలే!

★ ఆ ఎం-పెసా 1,94,000 కుటుంబాలను పేదరికం నుంచి గట్టెక్కించింది! 2016లో ‘సైన్స్’ పత్రికలో తవ్‌నీత్ సూరి, విలియం జాక్ అనే ఆర్థికవేత్తలు వేసిన లెక్క ఇది.

★ యూపీఐ యాప్ కొత్తగా పెట్టుకున్నప్పుడు మీ ఫోన్ తనంతట తానే ఒక ఎస్సెమ్మెస్ పంపుతుంది! బ్యాంకు ఖాతాకు ముడిపడిన సిమ్ ఆ ఫోన్‌లోనే ఉందని రుజువు చేసే రహస్య చీటీ అది.

★ కిరాణా కొట్టులో ‘డబ్బులు వచ్చాయి’ అని అరిచే సౌండ్ బాక్స్‌లోనూ మన ఫోన్‌లో లాగే ఒక సిమ్ ఉంటుంది! డబ్బు పడిన కబురు ఆ సిమ్ ద్వారానే చేరుతుంది కాబట్టి, కొట్టతను బేరంలో మునిగి ఫోన్ చూసుకోకపోయినా పర్వాలేదు.

★ ఇంటర్నెట్ లేని కీప్యాడ్ ఫోన్‌తోనూ డబ్బు పంపొచ్చు! అమ్మమ్మ చేతిలోని బటన్ల ఫోన్ కోసమే అన్నట్టు, 2022 మార్చిలో ‘యూపీఐ 123పే’ వచ్చింది.

★ యంత్రానికి ఫోన్ తాకిస్తే డబ్బు కట్టే పద్ధతి ఎంత దూరం నుంచి పనిచేస్తుంది? మహా అయితే 4 సెంటీమీటర్లు, అంటే రెండు వేళ్ల వెడల్పు! దూరాన ఉన్నవాళ్ల ఫోన్ నుంచి పొరపాటున డబ్బు పోకూడదనే ఈ పిసినారి దూరం.

★ చార్జింగ్ అయిపోయి ఆగిపోయిన ఫోన్ కూడా కారు తలుపు తీస్తుంది! కొన్ని ఐఫోన్లలో చివరి చుక్క విద్యుత్తును దాచిపెట్టి, ఆ తర్వాత 5 గంటల దాకా తాళంచెవిగా వాడుకునే వీలుంది.

★ ముఖం చూసి తాళం తీసే ఐఫోన్ మీ ముఖం మీద 30 వేలకు పైగా చుక్కలు చల్లుతుంది, మీకు ఒక్కటీ కనబడదు! కంటికి ఆనని కిరణాలతో ముక్కు ఎత్తు, కళ్ల లోతు కొలిచే విద్య ఇది. అయినా అచ్చుగుద్దినట్టుండే కవలల దగ్గర మాత్రం బోల్తా పడొచ్చు.

★ హైదరాబాద్, విజయవాడ విమానాశ్రయాల్లో మీ ముఖమే ప్రవేశపత్రం! ఫోన్‌లోని ‘డిజియాత్ర’ యాప్‌లో ముందే వివరాలు ఇచ్చుకుంటే, కెమెరా మిమ్మల్ని గుర్తుపట్టగానే గేటు తెరుచుకుంటుంది.

★ పారిస్ ఈఫిల్ టవర్ టికెట్టు యూపీఐతో కొనొచ్చు! ఫ్రాన్స్‌లో యూపీఐ 2024 ఫిబ్రవరిలో అక్కడే గృహప్రవేశం చేసింది.

★ పిన్‌కు నాలుగు అంకెలే ఎందుకు? ఓ ఇల్లాలి పుణ్యం! 1967లో లండన్‌లో తొలి ఏటీఎం పెట్టించిన షెపర్డ్-బారన్ మన షిల్లాంగ్‌లో పుట్టినవాడు. ఆరంకెలు పెడదామనుకుంటే, నాలుగుకు మించి తనకు గుర్తుండవని భార్య తేల్చి చెప్పిందని ఆయనే చెప్పారు.

★ ఆఖరి ప్రశ్న. ఎవరైనా మీకు యూపీఐలో డబ్బు పంపితే, అది అందుకోవడానికి పిన్ ఎన్నిసార్లు కొట్టాలి? సున్నా! పిన్ కావలసింది డబ్బు పంపేటప్పుడు, అందుకునేటప్పుడు కాదు. ‘డబ్బు వేస్తాం, పిన్ కొట్టండి’ అని ఎవరైనా ఫోన్ చేస్తే ఈ సున్నాను గుర్తు తెచ్చుకోండి, ఇంట్లో పెద్దవాళ్లకూ తప్పకుండా చెప్పండి!