ముహూర్తానికి ముందే పరీక్ష!

రాజా దీనదయాళ్ 1880ల్లోనే స్టూడియో తెరిచిన ఊరు సికింద్రాబాద్. అక్కడి సీతాఫల్‌మండి గల్లీలో పెళ్లయినా, మరెక్కడైనా ఫొటోగ్రాఫర్ కష్టం ఒకటే. తాళి కట్టే క్షణం రెండోసారి రాదు! అందుకే కొత్త డిజిటల్ ఎస్సెల్లార్ కొన్నామని నేరుగా మండపానికి పట్టుకెళ్లకూడదు.

2003లో క్యానన్ ఈవోఎస్ 300డి వచ్చింది. 63 లక్షల పిక్సెళ్లు, వెయ్యి డాలర్లలోపు ధర. 36 ఫొటోల రీలుకు అలవాటుపడినవాళ్లకి అదో పండగే! కానీ దాని సెన్సర్ ఫిల్ముకన్నా చిన్నది. దాంతో పాత 28 ఎంఎం లెన్సు బిగిస్తే దాదాపు 45 ఎంఎంలా పనిచేసేది. ఇరుకు హాల్లో గోడకు ఆనుకుని నిలబడినా పెళ్లికూతురి పక్కనున్న మేనమామ ఫ్రేములోకి రాడు! చిన్న సెన్సరున్న కెమెరాలన్నిటిదీ ఇప్పటికీ ఇదే తంతు.

అసలు చిక్కు మధుపర్కాలతో. నెగెటివ్ ఫిల్ముకి వెలుగు కాస్త ఎక్కువైనా ప్రింటులో సర్దుకునేది. డిజిటల్‌లో అలా కాదు. తెల్లచీర మీద ఫ్లాష్ మరీ ఎక్కువైతే నేత, మడతలు అన్నీ మాయం. వాటిని ఏ కంప్యూటరూ తిరిగి రాబట్టలేదు.

కాబట్టి ముందురోజే ఇంట్లో ఓ తెల్లపంచె ఆరేసి, ఫ్లాష్‌తో నాలుగైదు ఫొటోలు తీసి చూడండి. తెరమీద హిస్టోగ్రామ్ కుడి అంచుకు గుద్దుకుంటుంటే ఫ్లాష్ తగ్గించండి. అదనపు బ్యాటరీ, మెమరీ కార్డు సరే... పాత కెమెరా కూడా సంచీలో ఉండాల్సిందే. కొత్తది మొరాయించిందని ముహూర్తం ఆగదు కదా!