కనకాంబరం నల్లగా ఎందుకు పడింది?

కడపలో మా జేజి ఇంట్లో వాళ్ళమ్మ పెళ్ళి ఫోటో ఒకటుంది. తల నిండా కనకాంబరాలు పెట్టుకున్నారంట. ఫోటోలో మాత్రం ఒక్క పువ్వూ కనపడదు, అన్నీ జుట్టులో కలిసిపోయినాయి. "చూసినోళ్ళంతా పూలు లేని పెళ్ళికూతురా అంటారు" అని జేజికి ఇప్పటికీ బాధే. బ్లాక్ అండ్ వైట్‌లోనే పూలు కనపడేట్టు తీసిస్తానని నోరు జారినాను.

కర్నూలులో మా మామకు స్టూడియో ఉంది. ఇప్పుడు పాస్‌పోర్ట్ ఫోటోలే బతుకుదెరువు, కానీ పాత నికాన్ ఎఫ్‌ఎం2 బీరువాలో భద్రంగా ఉంది. అసలు సంగతి ఆయనే చెప్పినాడు. ఫిల్మ్‌లోని వెండి లవణాలు సహజంగా చూడగలిగేది నీలం, ఊదా వెలుగునే. 1873లో జర్మనీలో హెర్మాన్ ఫోగెల్ వాటికి రంగు అద్దితే ఆకుపచ్చ కూడా పడుతుందని కనిపెట్టినాడు. అట్లా వచ్చిందే ఆర్థోక్రొమాటిక్ ఫిల్మ్. ఎరుపుకు అది గుడ్డిది, అందుకే దాన్ని ఎర్ర లైటు కింద కడగొచ్చు. ఎరుపును కూడా చూసే పాంక్రొమాటిక్ ప్లేట్లు 1906లో అమ్మకానికొచ్చినా, ఆర్థో చాలాకాలం వాడుకలో ఉండింది. కనకాంబరం నుంచి వచ్చేదంతా దాదాపు నారింజ, ఎరుపు వెలుగే కదా, ఆర్థోకు అది చీకటి కిందే లెక్క. ఆ పెళ్ళి ఫోటో అట్లాంటిదే అయ్యుంటుందని మామ అంచనా.

నాకు దొరికింది ఇల్ఫర్డ్ హెచ్‌పీ5 ప్లస్, పాంక్రొమాటిక్. ఒకే రోలు, 36 ఫ్రేములు. ఫ్లడ్ లైట్లు రెండూ వేసి మొదలుపెట్టినాం. కనకాంబరం వాడకుండా నిలుస్తుందని పేరు గదా, మే నెల కర్నూలు ఎండకు ఆ లైట్లు తోడైతే అది కూడా చేతులెత్తేసింది. కిటికీ వెలుతురుకు మారినాం. పువ్వు మొత్తం ఫోకస్‌లో ఉండాలంటే ఎపర్చర్ ఎఫ్16కు తగ్గించాలి. అప్పుడు మీటరు 4 సెకన్లు చూపించింది, మామ 6 ఇమ్మన్నాడు. సెకను దాటితే ఫిల్మ్ బద్ధకిస్తుంది, మన ఎనిమిదింటి క్లాసు లాగా.

ఫిల్టరు లేకుండా తీస్తే పువ్వూ ఆకూ ఇంచుమించు ఒకే బూడిద రంగు. ఎర్ర ఫిల్టరు పెడితే పూలు వెలిగిపోయినాయి, ఆకు నల్లబడింది. ఆ ఫిల్టరు 3 స్టాపుల వెలుగు మింగుతుంది, అంటే 8 రెట్లు ఎక్స్‌పోజర్. అందుకే చెల్లి జడను వరండాలో కూర్చోబెట్టి తీసినాం.

కడగడం ఇంకో తంటా. డెవలపర్‌కు 20 డిగ్రీలు కావాలి, మిద్దె ట్యాంకు నీళ్ళేమో పొయ్యి మీద పెట్టినట్టున్నాయి. కుండ నీళ్ళు తెచ్చి, బకెట్లో ఐసు వేసి, డెవలపింగ్ ట్యాంకును అందులో ముంచి పెట్టినాం.

ప్రింట్లు కడపకు తీసుకుపోయినా. ఎర్ర ఫిల్టరుది మురిపెంగా ముందు చూపించినాను. జేజి కళ్ళద్దాలు సర్దుకుని, "బాగుంది నాయనా, కానీ ఇవి మల్లెలు కదా?" అంది.

ఫిల్టరు లేకుండా తీసిన జడ ఫ్రేము ఒకటే ఉంది. నల్లటి జుట్టులో బూడిద రంగు పూలు, పెద్ద మెరుపేమీ లేదు. దాన్నే తీసుకుని వాళ్ళమ్మ ఫోటో పక్కన పెట్టుకుంది.