రెండు లక్షల కిలోమీటర్ల డీజిల్ కారు కొనొచ్చా?

హోమ్ కేర్ పనికి కారు కావాలనగానే మనవాళ్లు చౌక డీజిల్ కార్ల వైపు చూస్తారు. నాస్ నుంచి డబ్లిన్‌కు రోజూ హైవే మీద వెళ్లేవారికైతే సరే. ఊళ్లోనే ఇంటింటికీ తిరిగేవారికి డీపీఎఫ్ అనే మసి ఫిల్టర్ మూసుకుపోతుంది, ఖర్చు తడిసి మోపెడవుతుంది. అలాంటివారికి పెట్రోలే నయం.

పదేళ్లు దాటిన కారుకు ఏటా ఎన్‌సీటీ తప్పదు. పాత రిపోర్టుల్లోని కిలోమీటర్లు మీటరుతో సరిపోతున్నాయా, ఫైనాన్స్ బాకీ ఉందా అని చూడండి. డీలర్ దగ్గర కొంటే 2022 వినియోగదారుల హక్కుల చట్టం అండగా ఉంటుంది. ప్రైవేటు వ్యక్తి దగ్గర కొంటే ఉండదు.

కారుకని యజమాని అప్పిస్తే కాగితం చదవకుండా సంతకం పెట్టకండి. 1991 జీతాల చెల్లింపు చట్టం ప్రకారం చట్టంలో, కాంట్రాక్టులో, మీ రాతపూర్వక అంగీకారంలో లేని కోత చెల్లదు. కోస్తే ఆరు నెలల్లోపు వర్క్‌ప్లేస్ రిలేషన్స్ కమిషన్‌కు ఫిర్యాదు చేయండి. పేస్లిప్పులన్నీ దాచుకోండి.