ఉపాధ్యాయినుల యోగ్యతకు రాష్ట్రముల సత్కారము

పాఠము చక్కగా చెప్పగల ఉపాధ్యాయినికి లోకము సాధారణముగా నొసగు బహుమానమేది? ఆమెను తరగతిగదినుండి తీసి ప్రధానోపాధ్యాయినిగనో, పాఠశాలల తనిఖీ యధికారిణిగనో నియమించుట. పిల్లలకు చదువు చెప్పు నేర్పు ఎవరికి బాగుగ నబ్బినదో వారినే పిల్లలకు దూరము చేయు నీ పద్ధతి పాడియావును బండికి గట్టినట్లున్నది. తరగతిలోనే నిలిచియుండి గౌరవమును జీతమును పెంచుకొను మార్గమొకటి యుండరాదా యని అమెరికా సంయుక్తరాష్ట్రములవారు సుమారు నలువదియేండ్ల క్రిందట నాలోచించిరి. ఆ దేశపు పాఠశాలలలో బోధించువారిలో మూడువంతులకు పైగా స్త్రీలే యగుటచేతను, మన తెలుగు కుటుంబముల బిడ్డలనేకులు నేడచట చదువుచుండుటచేతను ఈ విషయము మనము తెలిసికొనదగియున్నది.

1983వ సంవత్సరమున ఆ దేశపు విద్యాస్థితిని గూర్చి ప్రభుత్వమునకు సమర్పింపబడిన నివేదికయొకటి ప్రజలకు మిక్కిలి కలవరము పుట్టించెను. 1986లో కార్నెగీ సంస్థ పక్షమున వెలువడిన మఱియొక నివేదిక, ఉపాధ్యాయవృత్తికి ఉన్నతప్రమాణములను నిర్ణయించు మండలియొకటి కావలయునని సూచించెను. తత్ఫలితముగా 1987లో 'నేషనల్ బోర్డు ఫర్ ప్రొఫెషనల్ టీచింగ్ స్టాండర్డ్స్' అను స్వతంత్రసంస్థ యేర్పడెను. ఉత్తర కరొలైనా రాష్ట్రపు గవర్నరుగా పనిచేసిన జేమ్సు హంటు దానికి మొదటి యధ్యక్షుడు.

ఇచట రెండు పత్రములకుగల భేదమును గుర్తింపవలెను. పాఠశాలలో నుద్యోగము చేయుటకు రాష్ట్రప్రభుత్వమిచ్చు లైసెన్సు తప్పనిసరి. అది వృత్తిలో ప్రవేశించుటకు వాకిలి వంటిది. మండలి యిచ్చు యోగ్యతాపత్రమున కట్టి నిర్బంధములేదు. వైద్యపట్టము నొందినవారు పిదప నొక శాఖలో విశేషజ్ఞులని పేరొందినట్లు, కొంతకాలము బోధించి యనుభవము గడించినవారు తమంతట తాము కోరి దీనిని సంపాదించుకొందురు.

ఇది సులభముగా చేతికివచ్చునది కాదు. కనీసము మూడేండ్లు బోధించిన వారికే ఇది లభించును. పరీక్షలో నాలుగు భాగములు గలవు. తన విషయమునందలి పాండిత్యమును కంప్యూటరు నెదుట కూర్చుండి చూపవలసినది మొదటి భాగము. పిల్లలు వ్రాసిన వ్రాతలను జతపరచి, ఒక్కొక్కరి యవసరమును బట్టి తన బోధన నెట్లు మార్చుకొనెనో వివరించుట రెండవది. మూడవదానికై తన తరగతి నడచుచుండగా 10 మొదలు 15 నిమిషముల నిడివిగల వీడియో చిత్రములు రెండు తీయించి, అందు జరిగినదానిని తానే విమర్శించుకొనుచు వ్రాయవలెను. పిల్లల ప్రగతిని పరీక్షించి తెలిసికొను తీరు, వారి తల్లిదండ్రులతోడను తోడి యుపాధ్యాయులతోడను కలసి పనిచేసిన విధము నాల్గవ భాగమున తెలుపవలెను. వీనిని దిద్దువారు కచేరీలలోని యధికారులు కారు. అదే విషయమును బోధించిన అనుభవముగల యుపాధ్యాయులే. తప్పిన భాగమును మరల వ్రాయవచ్చును. పత్రము వచ్చిన పిమ్మటను అయిదేండ్ల కొకసారి తన నేర్పు తగ్గలేదని నిరూపించి దానిని నిలుపుకొనవలెను.

పగలెల్ల పాఠశాలలో నిలువుగాళ్లపై నుండి, సాయంకాలము వంటపనియు బిడ్డల యాలనయు చూచుకొని, రాత్రి దీపము ముందు ఈ వ్రాతపనికి కూర్చుండు తల్లి శ్రమను మన సోదరీమణులకు వేఱుగ వివరింపనక్కఱలేదు. పైగా నాలుగు భాగములకును రుసుము 1,900 డాలరులు. ఇంత పాటుపడినను రాష్ట్రప్రభుత్వము దానిని గుర్తింపనియెడల ఆ పత్రము గోడకు వ్రేలాడు పటమే యగును. కావున అనేక రాష్ట్రములు ఆ పత్రము గలవారికి ప్రత్యేక ధనసహాయమును చట్టరూపమున నేర్పరచినవి.

ఉత్తర కరొలైనాలో రాష్ట్రవేతనమునకు పైగా నూటికి 12 వంతున అధికజీతము లభించును. మిసిసిపీలో ఏటేట 6,000 డాలరులు ముట్టును. వాషింగ్టను రాష్ట్రమువారు 2007లో ఈ మొత్తమును 5,000 డాలరులుగా నిర్ణయించి, ధరలతోపాటు అదియు పెరుగునట్లు చేసిరి. బీదపిల్లలు హెచ్చుగా చదువు పాఠశాలలలో పనిచేయువారికి మఱియొక 5,000 వరకు చేర్చిరి. మేరీలాండు రాష్ట్రము ఇటీవలి విద్యాసంస్కరణ చట్టముచే 10,000 డాలరులను, వెనుకబడిన పాఠశాలలలో బోధించువారికి అదనముగా 7,000 డాలరులను ఒసగుచున్నది.

ఈ యదనపు మొత్తము వెనుకనున్న ధర్మము గమనింపదగినది. నేర్పుగల యుపాధ్యాయిని సహజముగా ఇంటికి దగ్గరనున్నట్టియు, సకలసౌకర్యములు గలట్టియు పాఠశాలను కోరుకొనును. అందు తప్పులేదు. కాని అందఱు నట్లే కోరినచో బీదవాడలోని బిడ్డకు ఏటేట క్రొత్తవారును అనుభవము లేనివారును మిగులుదురు. ఎవరికి మంచి గురువు ఎక్కువ యవసరమో వారికే ఆ గురువు దొరకకుండుట యన్యాయము. ఈ లోటును ఉత్తరువులచే తీర్చుటకంటె సత్కారముచే తీర్చుట మేలని ఆ రాష్ట్రములు భావించినవి.

మఱి ఫలితమేమి? 1987 మొదలుకొని నేటివరకు లక్షా ముప్పదివేలకు మించినవారు ఈ యోగ్యతను సంపాదించిరి. అయినను ప్రభుత్వ పాఠశాలలలో ముప్పదిలక్షలకు పైగా ఉపాధ్యాయులుగల దేశమున ఇది స్వల్పభాగమే. 2008లో ఆ దేశపు జాతీయ పరిశోధనామండలి పండితులు దీనిని విచారించి, పత్రము గలవారి శిష్యులు పరీక్షలలో తక్కినవారికంటె నెక్కువ ప్రగతి చూపుచున్నారని తేల్చిరి. కాని ఆ పరీక్షకై పాటుపడుటచే వారు మంచి యుపాధ్యాయులైరా, లేక మొదటినుండి మంచివారే ఆ పరీక్షకు పోయిరా యనుటకు తగిన సాక్ష్యము లేదనియు వారే చెప్పిరి. వాషింగ్టను రాష్ట్రపు అదనపు సహాయమును గూర్చి 2018లో వెలువడిన పరిశోధనయొకటి, ఆ ధనముచే బీద పాఠశాలలలో పత్రముగల యుపాధ్యాయుల సంఖ్య పెరిగినదనియు, అయినను పిల్లల మార్కులలో మాత్రము స్పష్టమైన మార్పు కనబడలేదనియు తెలిపెను. ధనము గురువును బడివఱకు తీసికొనిరాగలదు. అటుపిమ్మట కావలసిన పుస్తకములు, తీరిక, తోడివారి సహకారము, పిల్లల కడుపునకు తిండి కూడ సమకూడవలెను గదా!

ఇందు మఱియొక పాఠమును గలదు. దక్షిణ కరొలైనా రాష్ట్రము మొదట ఏటేట 7,500 డాలరులిచ్చి వేలకొలది యుపాధ్యాయుల నీ మార్గమున ప్రోత్సహించెను. 2010 తరువాత దరఖాస్తు పెట్టినవారికి అది 5,000 డాలరులకు దిగెను. 2018 తరువాత క్రొత్తగా వచ్చువారికి అదియు నిలిచిపోయెను. బొక్కసమున ధనమున్నప్పుడు పొగడి, లేనప్పుడు మఱచు సత్కారమును నమ్మి రెండు మూడేండ్ల రాత్రులను ధారపోయుట కెవరికి మనసొప్పును? మొత్తము కొంచెమైనను మాట స్థిరముగా నుండవలెను.

మన దేశమున 1958 నుండి జాతీయ ఉపాధ్యాయ పురస్కారములు గలవు. సెప్టెంబరు 5వ తేదీన రాష్ట్రపతి వానిని స్వయముగా నొసగుట గొప్ప గౌరవమే. కాని పురస్కారము కొందఱిని ఎన్నుకొనును. తక్కినవారెంత యోగ్యులైనను పేరులేక మిగులుదురు. యోగ్యతాపత్ర మట్లుగాక, ప్రమాణమునందుకొనిన ప్రతివారికిని దక్కును. 2020 నాటి మన జాతీయ విద్యావిధానము ఉపాధ్యాయులకు జాతీయ వృత్తిప్రమాణములు నిర్ణయించి, వేతనమును పదోన్నతిని వానితో ముడివేయవలెనని చెప్పినది. ఆ పని సాగునప్పుడు మూడు సంగతులు మఱవరాదు: పరీక్షించువారు ఆ వృత్తిలోనివారే కావలెను, మారుమూల పల్లెలో బోధించు పంతులమ్మకు మిక్కిలి యెక్కువ భాగము చెందవలెను, ఇచ్చిన మాట యేటేట మారరాదు.

మన కుమార్తెలలో చాలమంది ఈ వృత్తినే కోరుచున్నారు. వారు తరగతిగదిలోనే తల నెఱసినను తక్కువవారు కారని లోకము తలచిన నాడు, మన మనుమలకును మంచి గురువులు దొరకుదురు.