మాత్రతో తీరదు నిద్ర బాకీ
గాఢనిద్రను పెంచే మందులపై పరిశోధనలు.. ఫలితాలు అంతంతమాత్రమే

సింగరేణి గనుల్లో, విశాఖ ఉక్కు కర్మాగారంలో రాత్రి షిఫ్టు చేసే కార్మికులు, తెల్లవార్లూ లారీ నడిపే డ్రైవర్లు, ఆసుపత్రుల్లో రాత్రి విధుల్లో ఉండే నర్సులు.. వీరందరూ పగటిపూట నిద్రపోక తప్పదు. వెలుతురు, ఇంట్లో అలికిడి మధ్య నాలుగైదు గంటలు పడుకోవడమే గగనం. ఆ కొద్దిసేపైనా ఒళ్లు తెలియకుండా నిద్రపోతే చాలునన్న ఆశతో కొందరు మాత్రలను ఆశ్రయిస్తుంటారు. అయితే మాత్ర తెచ్చే మత్తు వేరు, శరీరం కోరే గాఢనిద్ర వేరు.

మత్తు వేరు.. నిద్ర వేరు

నిద్ర ఒక్కతీరుగా సాగదు. సుమారు 90 నిమిషాలకొకసారి తేలికపాటి నిద్ర, గాఢనిద్ర, కలల నిద్ర మారుతూ వస్తాయి. శరీరం సేదతీరేది ప్రధానంగా గాఢనిద్రలోనే. నిద్ర మొదటి భాగంలో ఇది ఎక్కువగా ఉంటుంది. అల్ప్రాజోలం, డయాజెపాం వంటి మందులు నిద్రను త్వరగా రప్పిస్తాయి, మధ్యలో మెలకువలను తగ్గిస్తాయి. కానీ గాఢనిద్ర వాటాకు మాత్రం కోత పెడతాయి.

పరిశోధనల్లో తేలిందేమిటి?

గాఢనిద్రను పెంచి, తక్కువ నిద్రతో నెట్టుకురావచ్చా అన్న ప్రశ్నపై అమెరికాలో ప్రయోగాలు జరిగాయి. రాత్రికి అయిదు గంటలే పడుకున్న వారికి మూర్ఛ వ్యాధి మందు టయాగబిన్ ఇచ్చి పరీక్షించిన ఫలితాలు 2006లో వెలువడ్డాయి. వారిలో గాఢనిద్ర పెరిగింది, ఏకాగ్రత నిలిచింది. పగటి మగత మాత్రం తగ్గలేదు. పైగా మూర్ఛ లేని వారిలోనూ ఈ మందు మూర్ఛను కలిగించవచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2005లోనే హెచ్చరించింది. గాబోక్సడాల్ అనే మరో మందు పగటి మగతను తగ్గించినట్లు 2008లో వెల్లడైనా, అప్పటికే 2007లో తయారీ సంస్థలు దాని అభివృద్ధిని నిలిపివేశాయి. నిద్ర గంటలకు బదులుగా వాడదగిన మందు నేటికీ లేదు.

అలవాటైతే ముప్పే

నిద్రమాత్రలకు శరీరం త్వరగా అలవాటుపడుతుంది. 2015లో నిజామాబాద్ తదితర ప్రాంతాల్లో కల్తీ కల్లు దొరక్కపోవడంతో, అందులో కలిపే మత్తుమందుకు అలవాటుపడిన పలువురు వింతగా ప్రవర్తిస్తూ ఆసుపత్రుల పాలయ్యారు. మద్యంతో కలిపి ఈ మాత్రలు వేసుకుంటే శ్వాస మందగించి ప్రాణాపాయం ఏర్పడవచ్చు. గురక, నిద్రలో శ్వాస ఆగడం వంటి సమస్యలున్న వారికీ ప్రమాదమే. మత్తు పూర్తిగా వదలకముందే వాహనం నడిపితే ప్రమాదాలకు ఆస్కారముంది. అందుకే అల్ప్రాజోలం, డయాజెపాం, జోల్పిడెం మందులను హెచ్1 షెడ్యూలులో చేర్చారు. 2014 మార్చి నుంచి అమలులో ఉన్న ఈ నిబంధన ప్రకారం చీటీ లేకుండా వీటిని అమ్మరాదు. అమ్మకం వివరాలను దుకాణదారు రిజిస్టరులో నమోదు చేయాలి.

ఇలా చేస్తే మేలు

* పెద్దలకు రోజుకు కనీసం 7 గంటల నిద్ర అవసరం. ఒకేసారి వీలుకాకపోతే రెండు విడతలుగానైనా పడుకోవాలి.
* పగలు పడుకునే గదికి మందపాటి తెరలు కట్టి చీకటి చేయాలి. ఫోన్ దూరంగా ఉంచాలి.
* పడుకోవడానికి ఆరు గంటల ముందు నుంచే టీ, కాఫీ మానాలి.
* రాత్రి షిఫ్టుకు వెళ్లేముందు 20 నిమిషాల కునుకు ఉపకరిస్తుంది.
* నిద్రలేమి వారాల తరబడి వేధిస్తుంటే వైద్యుని సంప్రదించాలి. దీర్ఘకాలిక సమస్యకు అలవాట్లు, ఆలోచనలు మార్చే కౌన్సెలింగే మొదటి చికిత్స.
* ఇప్పటికే రోజూ మాత్రలు వాడుతున్నవారు ఉన్నట్టుండి మానకూడదు. వైద్యుని పర్యవేక్షణలో మోతాదును క్రమంగా తగ్గించుకోవాలి.